ఊరి ప్రణాళికకు మనిషి అక్కర్లేదా?

“డబ్బు నేరుగా పంచాయతీకి ఇచ్చేయండి. ఏం కావాలో ఊరికి తెలుసు. మధ్యలో ఈ జీతగాళ్లు దేనికి?” పట్నంలో చర్చావేదికల మీద, మండల ఆఫీసు ముందు టీకొట్టు దగ్గర ఒకే ధీమాతో వినబడుతున్న మాట ఇది. బడ్జెట్ కోతలు మొదలైనప్పుడల్లా దీనికి గిరాకీ పెరుగుతుంది. మహిళా పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యల దగ్గర పనిచేసే వీఓఏలు (సమాఖ్య సహాయకులు), యానిమేటర్లు, వాళ్లపైన సమన్వయకర్తలుగా ఉండే సీసీలు, ఏపీఎంలు (అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజర్లు), ఉపాధి హామీలో ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు, వాటర్‌షెడ్ బృందాలు: వీళ్ల జీతాలన్నీ దండగ అన్నది సారాంశం. ఊరివాళ్లనూ పంచాయతీనీ ప్రభుత్వ శాఖలనూ ఒకచోట కూర్చోబెట్టి, ఊరికి ఏం కావాలో తేల్చి, దాన్ని కాగితం మీదికి తెచ్చేది వీళ్లే. ఆ పనికి మనిషే అక్కర్లేదంటున్నారు.

ఈ వాదనను దాని బలంతోనే చెప్పుకుందాం. ఒకటి, జీతాలకు పోయే ప్రతి రూపాయీ పనుల నుంచి కోసిందే. ఆ డబ్బుతో ఇంకో వీధికి సీసీ రోడ్డు వస్తుంది. రెండు, తరతరాలుగా ఊళ్లో బతుకుతున్నవాళ్లకు బయటివాడొచ్చి వాళ్ల అవసరాలు చెప్పడం అవమానం. మూడు, పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు, యాప్‌లున్నాయి, పోర్టల్ ఉంది, ఇంకా మనుషులెందుకు? నాలుగు, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే హడావుడి. సిబ్బంది వెళ్లిపోయిన మర్నాటికి అంతా కూలిపోతుంది, ఈ లోపు ఊరు పరాధీనమవుతుంది. చివరగా, గట్టిగా చెప్పేది ఇంకొకటుంది: వీళ్లంతా అధికార పార్టీ మనుషులు.

నిజాయితీగా ఆలోచించేవాళ్లూ ఈ మాటలంటున్నారు. అందుకే ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలి.

1. జీతం ఆపితే పని పెరుగుతుందా?

సీసీ రోడ్డు లెక్కతోనే మొదలుపెడదాం. మన ఊళ్ల ప్రణాళికల నిండా సీసీ రోడ్లూ సైడు కాల్వలూ ఎందుకుంటాయి? ఊరివాళ్లకు ఇంకేమీ పట్టక కాదు. రోడ్డుకు ఎస్టిమేటు వెయ్యడం సులువు, కొలవడం సులువు, బిల్లు చెయ్యడం సులువు. కాంట్రాక్టరు సిద్ధంగా ఉంటాడు. అదే ఒక దళిత రైతుకు వచ్చిన అసైన్డ్ భూమిలో రాళ్లు ఏరించి, గట్లు పోయించి, ఒక నీటికుంట తవ్వించాలంటే? సర్వే నంబరు వెతకాలి. హద్దులు చూపించాలి. పక్క చేను ఆసామిని ఒప్పించాలి. వాలు కొలవాలి. చిన్న చిన్న పనులకు విడివిడిగా ఎస్టిమేట్లు వెయ్యాలి. ఏ ముక్క ఏ పథకంలో వస్తుందో తెలిసుండాలి. వీటికోసం నాలుగుసార్లు తిరిగే మనిషి లేకపోతే ఆ పని ప్రణాళికలోకే రాదు. ప్రణాళికలో లేని పనికి ఖర్చుండదు, ఖర్చు లేనిది ఏ ఆడిట్‌లోనూ నష్టంగా తేలదు. జీతం ఆపి మిగిల్చామంటున్న సొమ్ము అసలు ఆ రైతు చేను నుంచి పోయింది. మిగులు కనబడుతోంది, పోయిన చేను కనబడడం లేదు. ఈ వాదన బతుకుతున్నదే ఆ మరుగు మీద.

ఈ ఆలోచన మామూలు కబుర్ల స్థాయిలో ఆగిపోలేదు, నిబంధనల్లోకీ ఎక్కింది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేశారు. మిగతా 40 శాతాన్ని ఊరు తన అవసరానికి వాడుకోవచ్చన్నారు, జీతాలకూ నిర్వహణ ఖర్చులకూ తప్ప. ఈ నిబంధన వెనకున్న భయం నాకర్థమవుతుంది. రాష్ట్రాలు ఆ గ్రాంటును జీతాలకు మళ్లించి చేతులు దులుపుకుంటాయని అనుమానించారు, ఆ అనుమానం ఉత్తది కాదు. కానీ జరిగిందేమిటి? పనికి డబ్బుంది, ఏ పని చెయ్యాలో ఊరందరితో కూర్చుని తేల్చే మనిషికి లేదు. ఆ జీతం రాష్ట్రమే ఇస్తుందని వదిలేశారు. రాష్ట్రం దాన్ని గౌరవ వేతనమని పేరు పెట్టి చిల్లరగా విదిలించింది.

ఇది వేరే రకంగా చెయ్యొచ్చని మనకు ఎప్పుడో తెలుసు. చెప్పినవాడు మన కరీంనగర్ బిడ్డే. ఆర్థికవేత్త చెన్నమనేని హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ 1994లో కరువు ప్రాంతాల పథకాలను పరిశీలించింది. దాని సిఫారసుల మీద వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాల్లో జనాన్ని కూడగట్టడానికీ, వాళ్ల శిక్షణకూ పనుల డబ్బుతో కలవకుండా విడిగా వాటా పెట్టారు. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లోనూ సంఘాల నిర్మాణానికి, శిక్షణకు 5 శాతం, పరిపాలనకు 10 శాతం, ప్రాజెక్టు నివేదిక తయారీకి 1 శాతం ఉంచారు. ఉపాధి హామీ చట్టం కింద నిర్వహణ ఖర్చుకు 6 శాతం పరిమితి ఉండేది. 2025 డిసెంబరులో దాని స్థానంలో తెచ్చిన చట్టం ఆ పరిమితిని 9 శాతానికి పెంచింది. కొత్త చట్టం మీద నాకు వేరే అభ్యంతరాలు చాలా ఉన్నాయి. అవి పక్కన పెడితే, మనిషి లేకుండా పని నడవదని ఢిల్లీ కూడా ఒప్పుకున్న లెక్క ఇది.

2. ఊరికి తెలుసు. ఏ ఊరికి?

అవమానం అనే మాట వినసొంపుగా ఉంటుంది, ఎవరూ కాదనలేరు. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

“ఊరు” అన్నప్పుడు ఈ వాదన చేసేవాళ్ల కళ్ల ముందు ఒక నిండు కుటుంబం ఉంటుంది. నేను చూసిన గ్రామసభల్లో అలాంటి కుటుంబం ఎక్కడా లేదు. పొద్దున పదకొండుకు సభ అని చాటింపు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ వేళకు కూలి ఆడవాళ్లు పత్తి ఏరుతుంటారు. తండా నుంచి పంచాయతీ ఆఫీసుకు నడిచి వచ్చి పోతే పూట కూలి పోయినట్టే. ముందు వరస కుర్చీలు ఎవరివో అందరికీ తెలుసు. వచ్చిన నలుగురు ఆడవాళ్లు గోడవార నిలబడతారు. పనుల జాబితా అప్పటికే రాసి ఉంటుంది, చదువుతారు. “సారూ, మా వాడకు నల్లా వస్తలేదు” అని వెనకనుంచి ఒక ముసలమ్మ అంటుంది. “రాసుకున్నం గని, కూసో అవ్వా.” అది రాసినవాళ్లెవరూ లేరు. సాయంత్రానికి రిజిస్టరు ఇంటింటికీ తిరిగి వేలిముద్రలతో నిండుతుంది. కాగితం మీద ఊరు మొత్తం ప్రణాళిక వేసుకుంది.

ఊళ్లో కులం ఉంది, భూమి ఉంది, అప్పు ఉంది. ఎవరి దగ్గర కౌలుకు చేస్తున్నారో ఆయన ఎదురుగా నిలబడి, ఆయన వీధి రోడ్డు కాకుండా మా వాడ నీళ్లు ముందు రాయండని ఎవరూ అనలేరు. మధ్యవర్తి లేని చోట స్వేచ్ఛ ఉంటుందని అనుకుంటున్నారు. అక్కడ ఉండేది పాత పెద్దరికం. రాజ్యాంగం 243జి అధికరణంలో పంచాయతీ వేసే ప్రణాళికకు రెండు లక్ష్యాలు చెప్పింది: ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం. మొదటిది ఎంతో కొంత తనంతట తాను జరుగుతుందనుకుందాం. రెండోది తనంతట తాను జరిగిన ఊరు ఒక్కటి చూపించమనండి.

సభకు రెండు రోజుల ముందే రాత్రి ఏడింటికి, కూలి నుంచి వచ్చి వంట చేసుకునే వేళకు, మంచి వీఓఏ ఆ వాడకు వెళ్తుంది. పొదుపు సంఘం మీటింగులో కూర్చుంటుంది. నల్లా, పింఛను, జాబ్‌కార్డు, ఇంటి పట్టా, తాగుడు, అన్నీ వింటుంది, రాసుకుంటుంది. సంఘాల వారీగా రాసినవి గ్రామ సమాఖ్యలో కలిపి, పేదరిక నిర్మూలన ప్రణాళికగా పంచాయతీకి ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ నిబంధనకు ప్రాణం పోసేది ఆ రాత్రి కూర్చోవడమే. సభలో ఎవరు లేచి మాట్లాడాలో సంఘం వాళ్లే తేల్చుకుంటారు. ఒక్కతి లేస్తే కూసో అవ్వా అనగలరు, ఇరవై మంది ఒక కాగితం పట్టుకుని లేస్తే అనలేరు. ఆ వీఓఏ ఊరికి వాళ్ల అవసరాలు చెప్పలేదు. చెప్పుకోగల చోటికి వాళ్లను తెచ్చింది. ఇందులో అవమానం ఎవరికి?

ఇంకో సంగతి. మనిషి మనిషికీ తెలిసినది కలిపితే ఊరికి తెలిసినది అయిపోదు. ఏ బోరు ఏ ఏడు ఎండిందో రైతుకు తెలిసినట్టు ఏ ఇంజనీరుకూ తెలియదు, ఒప్పుకుంటాను. కానీ ప్రతి రైతుకూ తన బోరే తెలుసు. ఊరి కింద మొత్తం ఎన్ని నీళ్లున్నాయో, ఈ యాసంగికి ఎన్ని ఎకరాల వరి తట్టుకుంటుందో ఒక్కరికీ తెలియదు. 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండల్లో, రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే కార్యక్రమం నడిచింది. పేరు ఏపీఎఫ్ఏఎంజీఎస్, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో. వందల ఊళ్లలో రైతులు తమ బోర్లలో నీటిమట్టం తామే కొలిచి, వాన లెక్క తామే రాసి, యాసంగికి ముందు ఒకచోట చేరి పంటల నీటి లెక్క వేసుకున్నారు. ఇన్ని నీళ్లున్నాయి, ఇన్ని పంటలకు ఇన్ని కావాలి, ఇంత తక్కువ పడుతుంది అని గోడ మీద రాసుకున్నారు. ఏం వెయ్యాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూశాక చాలామంది తామే పంట మార్చుకున్నారు. ఆ రైతుల తెలివి ఎవరూ బయటినుంచి తెచ్చివ్వలేదు. వాళ్లకు కొలత నేర్పి, నెలనెలా వెంట నడిచి, అందరినీ ఒక లెక్క ముందు కూర్చోబెట్టింది మాత్రం సిబ్బందే.

3. కార్యదర్శి ఉన్నాడు, యాప్ ఉంది

ఈ మాటను పరీక్షించి చూశారు కూడా. తెలంగాణలో 2020 మార్చిలో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు సమ్మెకు దిగితే, ఏడు వేల మందికి పైగా ఉన్న వాళ్లందరినీ ప్రభుత్వం తొలగించింది. పని పంచాయతీ కార్యదర్శులకు అప్పగించింది. రెండేళ్లు గడిచాక, 2022 మార్చిలో వాళ్లను తిరిగి తీసుకుంటామని అదే ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. మనిషి అక్కర్లేదని వాదించేవాళ్లు ఈ రెండేళ్ల గురించి ఎందుకు మాట్లాడరు?

కార్యదర్శి మెడకు ఏమేం కట్టారో చూడండి. పారిశుద్ధ్యం, పన్నుల వసూలు, జనన మరణాల నమోదు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పొద్దున్నే యాప్‌లో ఫొటోలు. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే 2018 పంచాయతీరాజ్ చట్టం కింద కార్యదర్శీ సర్పంచూ జవాబు చెప్పాలి. ఇంత మోసే మనిషి రాత్రి ఏడింటికి తండాలో కూర్చుంటాడని ఎవరు అనుకుంటారు? 2023 వేసవిలో తెలంగాణలో వీఓఏలు ఏప్రిల్ మధ్యలో, జూనియర్ పంచాయతీ కార్యదర్శులు ఆ నెలాఖరులో సమ్మెకు దిగారు. ఊరి ప్రణాళికను మోయాల్సిన రెండు భుజాలూ ఒకే వేసవిలో రోడ్డు మీద కూర్చున్నాయి. ఒకరున్నారు కదా అని ఇంకొకరిని తీసెయ్యమనడం ఈ పరిస్థితిలో ఎలా వీలవుతుంది?

పోర్టల్ సంగతి తొందరగా తేల్చేద్దాం. 2020 ఏప్రిల్ 24న వచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్ వల్ల మేలు జరిగింది. ఏ ఊరి ప్రణాళిక ఏమిటో, ఎంత ఖర్చయిందో ఎవరైనా చూడొచ్చు. కానీ ఎక్కించిన ప్రణాళికను పోర్టల్ తీసుకుంటుంది. ఆ ప్రణాళిక సభలో పుట్టిందా, కంప్యూటర్ ఆపరేటర్ బల్ల మీద పుట్టిందా అని అది అడగదు. పోయినేటి జాబితాలో సంవత్సరం మార్చి ఎక్కించినా దాని కంటికి రెండూ ఒకటే.

4. ప్రాజెక్టు పోతే కూలిపోతుందట

ఏపీఎఫ్ఏఎంజీఎస్‌నే ఎత్తి చూపిస్తారు, నాకు తెలుసు. ప్రాజెక్టు ముగిశాక చాలా ఊళ్లలో కొలతలు ఆగిపోయాయి. గోడ మీది నీటి లెక్కలు వెలిసిపోయాయి. నిజమే. దీని నుంచి వాళ్లు తీసే నిర్ణయం: చూశారా, సిబ్బంది పెట్టడమే వృథా. పంతులును తీసేశాక బడి మూతపడితే, పంతులు వృథా అని ఎవరైనా అంటారా? నీటి కొలత ప్రతి ఏడూ కొత్తగా చెయ్యాల్సిన పని. వాన ప్రతి ఏడూ మారుతుంది. కౌలుదారు మారతాడు, కొత్త బోర్లు పడతాయి. ఒకసారి నేర్పి వెళ్లిపోతే చాలని అనుకున్న ప్రాజెక్టు రూపంలోనే తప్పుంది. గడువు పెట్టిందెవరు? ఆ కొలతలను పంచాయతీ బాధ్యతగా మార్చకుండా చేతులెత్తేసిందెవరు? మనిషి ఉన్నప్పుడు నడిచి, మనిషి పోయాక ఆగిందంటే అది మనిషి అవసరానికి సాక్ష్యం. దాన్ని తిరగేసి చదువుతున్నారు.

పరాధీనత మాటకు జవాబు ఇంకా దగ్గరే ఉంది. 2000లో వెలుగు పేరుతో ఆరు జిల్లాల్లో మొదలై, తర్వాత ఇందిరా క్రాంతి పథంగా మారిన కార్యక్రమంలో సంతకం పెట్టడం కూడా రాని ఆడవాళ్లు సంఘాల్లో చేరారు. మొదట్లో మినిట్స్ పుస్తకం రాసింది జీతం తీసుకునే మనిషే. కొన్నేళ్లకు ఆ సంఘాల ఆడవాళ్లే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లయ్యారు. మూట కట్టుకుని బిహార్ ఊళ్లకు వెళ్లి, భాష రాని చోట, నెలల తరబడి ఉండి అక్కడి ఆడవాళ్లతో సంఘాలు పెట్టించారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నమూనా తీసుకున్నది ప్రధానంగా ఇక్కడి నుంచే. పరాధీనులు ఇంకో రాష్ట్రానికి పంతుళ్లుగా వెళ్తారా?

కేరళను అందరూ పొగుడుతారు, సగమే చెప్తారు. 1996లో ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామన్నారు. ఆ ముక్క మనకు గుర్తుంది. డబ్బుతోపాటు మనుషులను కూడా తయారుచేశారు. రాష్ట్రం, జిల్లా, పంచాయతీ, మూడు స్థాయిల్లోనూ శిక్షకులను సిద్ధం చేశారు. రిటైరైన ఇంజనీర్లనూ నిపుణులనూ స్వచ్ఛంద సాంకేతిక బృందాలుగా చేర్చి ఎస్టిమేట్లు చూడమన్నారు. పైగా అక్కడి పంచాయతీలు పెద్దవి, వెయ్యి లోపే. మనకు తెలంగాణ ఒక్కచోటే 12,700 దాటాయి, సగటున ఒక్కోదానికి రెండు వేల జనాభా కూడా లేదు. అంత చిన్న పంచాయతీ సొంతంగా ఇంజనీరును పెట్టుకోలేదు. 2014లో “మన ఊరు మన ప్రణాళిక” అన్నాం, 2015 ఆగస్టులో “గ్రామజ్యోతి” అన్నాం. పేర్లు మంచివే. వారం రోజుల హడావుడికి అధికారులు ఊళ్లలోకి వచ్చారు. వారం తర్వాత ఊళ్లో మిగిలిన మనిషెవరు?

5. పార్టీ మనుషులు

ఈ ఆరోపణను నేను తేలిగ్గా తీసుకోను. ప్రభుత్వం మారగానే ఫీల్డ్ అసిస్టెంటు మారడం, యానిమేటరు మారడం రెండు రాష్ట్రాల్లోనూ జనం చూశారు. ఎమ్మెల్యే మాట లేనిదే నియామకం జరగని మండలాలున్నాయి. అలా వచ్చిన మనిషి తండాకు వెళ్లినా, ఎవరు ఎవరికి ఓటేశారన్న లెక్కతోనే వెళ్తాడు. ఇలాంటి సిబ్బంది కంటే లేకపోవడమే నయమని ఒక దళిత వార్డు సభ్యుడు నాతో అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

కానీ జబ్బు ఎక్కడుందో చూడాలి. ఆ మనిషి పార్టీ మనిషి ఎందుకయ్యాడు? ఉద్యోగం ఏడాదికేడాది కాంట్రాక్టు కాబట్టి. జీతం గౌరవ వేతనం కాబట్టి, అదీ నెలల తరబడి రాదు కాబట్టి. తీసెయ్యడానికి నోటీసు కూడా అక్కర్లేదు కాబట్టి. రేపు ఉంటానో లేదో తెలియని మనిషి ఉంచగలిగినవాడి కాళ్ల దగ్గరే ఉంటాడు. మనమే ఆ ఉద్యోగాన్ని అంత బలహీనంగా చేసి, ఆ బలహీనతనే ఉద్యోగం ఎత్తెయ్యడానికి కారణంగా చూపిస్తున్నాం. మండలంలో తహసీల్దారు మీద కూడా ఒత్తిళ్లుంటాయి. అందుకని రెవెన్యూ శాఖ ఎత్తెయ్యమని ఎవరూ అనరు.

1952 అక్టోబరు 2న సామాజికాభివృద్ధి పథకం మొదలైనప్పుడు గ్రామసేవకులను పెట్టారు. అయిదేళ్లకే బల్వంతరాయ్ మెహతా కమిటీ ఆ పథకంలో జనం పాలుపంచుకోవడం లేదని గట్టిగా తప్పుపట్టింది. కానీ ఆ కమిటీ సిబ్బందిని తీసెయ్యమనలేదు. ఎన్నికైన పంచాయతీ సమితి కింద పనిచేయించమంది. 1957 నాటి ఆ జవాబు దగ్గరికి మనం ఇప్పటికీ చేరుకోలేదు.

కాబట్టి నేను అడుగుతున్నది పాత ఏర్పాటును కాపాడమని కాదు. పది పదిహేను పంచాయతీలకు కలిపి ముగ్గురి బృందం ఉండాలి: జనంతో కూర్చునే ఒకరు, కొలిచి ఎస్టిమేటు వేసే ఒకరు, లెక్కలూ పోర్టలూ చూసే ఒకరు. పరీక్ష పెట్టి, ఎంపిక జాబితా గోడకు అంటించి తీసుకోవాలి. పూర్తి జీతం ఇవ్వాలి. మండల పరిషత్తుకు జవాబుదారీ చెయ్యాలి, ఏటా ఆయా ఊళ్ల గ్రామ సమాఖ్యల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. తీసెయ్యాలంటే విచారణ జరగాలి. ఊరి ప్రణాళిక పని మొదలయ్యే అక్టోబరు 2 నుంచి అది పూర్తయ్యేదాకా సర్వేలకూ ఎన్నికల పనికీ వాళ్లను లాగకూడదు. ఆర్థిక సంఘం గ్రాంట్లలో చిన్న వాటా దీనికి విడిగా కేటాయించాలి, ఆ వాటాను రాష్ట్రం ఇంకో జీతానికి మళ్లించకుండా ఆడిట్ పెట్టాలి. వచ్చే అక్టోబరులో గ్రామసభ చాటింపు వెయ్యడానికి ముందే, ప్రతి తండాకూ ప్రతి వాడకూ ఏ రోజు రాత్రి ఎవరు వెళ్తారో, వాళ్ల పేరూ ఫోను నంబరూ పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.